నీళ్లు తగ్గిన ఒడ్డున



చెరువు నిండిందంటే మనకు పండగ. కోస్తాలో అలుగు పారిందంటారు, తెలంగాణలో మత్తడి దుంకిందంటారు. ఎక్కడైనా ఊరు ఊరంతా కట్టెక్కి చూస్తుంది. పసుపూ కుంకుమా చల్లి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు దణ్ణం పెట్టుకుని వస్తాం. ఈ ఏడు పంటకూ తాగునీటికీ ఢోకా లేదని మనసు కుదుటపడుతుంది.

అయితే ఇవాళ నేను మాట్లాడబోయే పనికి నిండు చెరువు అంతగా కలిసిరాదు. పొద్దున్నే చెరువు దాకా నడిచి వెళ్లి, ఆ నడకలో నాలుగు పక్షుల్ని చూద్దామనుకునేవాళ్లకి, నీళ్లు కాస్త వెనక్కి తగ్గిన చెరువే మంచి చెరువు. ఎందుకో చెబుతాను.

చెరువుకి వెళ్లినవాళ్లు మామూలుగా నీళ్లనే చూస్తారు. నట్టనడిమికి చూపు సారిస్తారు. అక్కడ రెండు నల్లచుక్కలు తేలుతుంటే ఏవో బాతులనుకుని, ఫోన్లో ఓ ఫోటో తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. చూడాల్సింది నడిమిని కాదండీ, అంచుని. నీళ్లు ఆగిపోయి బురద మొదలయ్యే ఆ నాలుగు గజాల మేర ఉంటుందే, చెరువులో సందడంతా అక్కడే. పురుగూ, నత్తా, చిన్న చేపా, తుంగగడ్డా అక్కడే ఉంటాయి. వాటి కోసం వచ్చే పక్షులూ అక్కడే ఉంటాయి.

పక్షి కాళ్ల పొడవెంతో, అది నిలబడే నీళ్ల లోతు అంత. గేదెలు తొక్కిన గిట్టల గుంటల్లో నీళ్లు నిలుస్తాయి చూడండి, పిడికెడంత పిట్ట ఒకటి ఆ గుంటకీ ఈ గుంటకీ పరుగు తీస్తూ, ఠక్కున ఆగి, ముక్కుతో ఒక్క పోటు పొడిచి, మళ్లీ పరుగందుకుంటుంది. బెత్తెడు లోతుకి వచ్చేసరికి ఉల్లంకి పిట్టలు ముక్కు బురదలోకి దింపి తడుముతుంటాయి. జానెడు లోతులో గులాబీ రంగు కాళ్లేసుకుని ఇంకో నలుపూ తెలుపూ పిట్ట అడుగులో అడుగేస్తుంది. మూరెడు లోతులో కొంగలూ, తెడ్డుమూతి కొంగలూ. ఆ పైన కాళ్లు అందవు కాబట్టి ఈతగాళ్ల రాజ్యం. బుడుబుంగ మునిగి ఎక్కడో తేలుతుంది. నుదుట తెల్లటి నామం పెట్టుకున్న నామాలకోడి ఉంటుంది. నీటికాకి ఉంటుంది.

ఇప్పుడు చెరువు నిండా నీళ్లున్నాయనుకోండి. ఈ బెత్తెడూ జానెడూ మూరెడూ అన్నీ మునిగిపోయి, కట్ట రాళ్ల దగ్గరే నిలువు లోతు మొదలవుతుంది. నడిచి మేసే పక్షికి నిలబడే చోటే లేదు. నీటికాకి లాంటి ఈతగాళ్లకి తప్ప ఇంకెవరికీ అక్కడ పనిలేదు.

మన చెరువులకు ఇంకో సుగుణం ఉంది. అవి దాదాపు అన్నీ మనుషులు కట్టినవే. వాగుకి అడ్డంగా కట్ట వేస్తే కట్ట దగ్గర లోతు, వాగు వచ్చి కలిసే తోక దగ్గర పల్చన. ఏ చెరువైనా, ఏ జలాశయమైనా ఇంతే. తమాషా ఏమిటంటే రోడ్డు కట్ట మీద నుంచి వెళుతుంది, బెంచీలు కట్ట మీదే వేస్తారు, మిర్చిబజ్జీ బండి అక్కడే ఆగుతుంది. అంచేత మనమూ అక్కడే ఆగిపోతాం. పుట్టి వేసుకుని వల తీస్తున్న మత్స్యకారుణ్ని ఎవర్నయినా అడిగి చూడండి. "కట్ట కాడ ఏముంటయి సార్, అటు ఎనకకు పోండ్రి, తుమ్మచెట్ల దిక్కు" అంటాడు. పక్షుల పుస్తకం ఎప్పుడూ తెరవకపోయినా ఏ పిట్ట ఏ మూల మేస్తుందో వాళ్లకి కొట్టిన పిండి.

హైదరాబాదు జంట జలాశయాల సంగతే తీసుకుందాం. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద నగరాన్ని ఊడ్చేసింది. వేలమంది పోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నగరానికి ఎగువనే నీళ్లను పట్టి ఆపాలని ఆయన సలహా ఇచ్చారు. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ అంటే జనం నోట గండిపేట. వరద ఆపడానికి కట్టిన కట్టలు నగరానికి దాహం తీర్చాయి, పక్షులకి మేత పెట్టాయి. ఈ మూడో పని కట్టినవాళ్ల లెక్కలో లేదు.

గండిపేట పూర్తి నీటిమట్టం 1790 అడుగులు. వానాకాలంలో ఆనాటి మట్టం ఎంతో రోజూ పత్రికల్లో వస్తుంది. ఎన్ని గేట్లు ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారు అని మనమంతా చదువుతాం. పక్షుల కోసం తిరిగేవాళ్లు ఆ అంకెని తలకిందులుగా చదువుతారు. 1790 అంటే ఇప్పుడప్పుడే పని లేదు. సంక్రాంతి దాటి మట్టం కొన్ని అడుగులు దిగిందంటే, పల్లపు ఒడ్డుల్లో బురద బయటపడి ఉంటుంది, బయల్దేరాలి. వాలు తక్కువగా ఉన్నచోట నీళ్లు ఒక్క అడుగు దిగినా ఒడ్డు ఎంతో దూరం వెనక్కి జరుగుతుంది. ఇలా నీళ్లు దిగి బయటపడే నేలని తెలంగాణలో శిఖం భూమి అంటారు. నీళ్లుంటే చెరువుది, దిగితే పచ్చికది, పశువులది. కబ్జాదారుల కన్ను పడేదీ దాని మీదే. 1996లో ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలకు హద్దులు పెడుతూ 111 జీవో వచ్చింది. దాని చుట్టూ చాలా వాదోపవాదాలు నడిచాయి, వాటి జోలికి పోను.

పటాన్‌చెరు దగ్గర అమీన్‌పూర్ చెరువుంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. ఇప్పటికీ చలికాలంలో వెళితే కనిపించే పక్షులు తక్కువేమీ కాదు. ఈ మాట మాత్రం చెప్పి ముందుకి పోతాను, ఎందుకంటే నాకు తీరిగ్గా చెప్పాలనిపించే సంగతి వేరే ఉంది. అది నత్తగుల్ల కొంగ.

బూడిద తెలుపు ఒళ్లు, నల్ల రెక్కలు. దూరం నుంచి చూస్తే ఏమంత అందగత్తె కాదు. కాస్త దగ్గరగా, బైనాక్యులర్‌లోంచి ముక్కు చూడండి. పై ముక్కూ కింది ముక్కూ మొదట్లో కలిసి, కొసన కలిసి, మధ్యలో మాత్రం ఎడంగా ఉంటాయి. ఆ సందులోంచి అవతలి గడ్డి కనిపిస్తుంది. పిల్లలకి ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. ఇది ముక్కుని బురదలో అటూ ఇటూ కదిపి నత్తని పట్టుకుంటుంది. పట్టుకున్నాక గుల్లని పగలగొట్టదు. పై ముక్కుతో నత్తను అదిమిపట్టి, కింది ముక్కు కొసని గుల్ల మూత పక్కనుంచి లోపలికి దూర్చి, నత్తని గుల్లకి పట్టి ఉంచే కండరాన్ని తెంచుతుంది. తలని నీళ్లలో పెట్టి రెండు మూడు విదిలింపులు. మెత్తటి కండ బయటికొస్తుంది, గుటుక్కున మింగుతుంది. గుల్ల అలాగే, బీటైనా లేకుండా, ఒడ్డున పడి ఉంటుంది. అది లేచిపోయాక వెళ్లి ఆ గుల్లల్ని చేతిలోకి తీసుకుని చూడవచ్చు. ఈ పని మొత్తం నీళ్ల అడుగున, చూపుతో అవసరం లేకుండా, స్పర్శతోనే జరిగిపోతుంది. వరిపైరుకి నత్తల బెడద ఉన్న రైతుకి ఇంతకన్నా మంచి కూలీ దొరకడు.

తీతువు గురించీ ఒక మాట. అది ఇంటి మీదుగా అరుస్తూ పోతే కీడని మన పెద్దలు చెప్పేవారు. ఎండిన చెరువులో నడుస్తుంటే మన నెత్తి మీద తిరుగుతూ అరిచి గోల చేస్తుంది. ఆ అరుపు మన చావు గురించి కాదు, దాని గుడ్ల గురించి. వేసవిలో బోడినేల మీద, గులకరాళ్ల మధ్య, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. అవీ గులకరాళ్ల రంగే. ఎండ మండిపోయేటప్పుడు తల్లి వెళ్లి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. అందుకని తీతువు గోల పెట్టిందంటే ఒకటే అర్థం చేసుకోండి. వచ్చిన దారినే, కాలు ఎక్కడ పెడుతున్నామో చూసుకుంటూ, వెనక్కి వెళ్లాలి.

పాతకాలం వాళ్లు చెరువు కట్టడాన్ని శాస్త్రంగా చూశారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకి కావలసిన పన్నెండు అంగాలూ, రాకూడని ఆరు దోషాలూ అందులో చెప్పారు. కట్ట కారడం ఒక దోషం, చవుడు నేల ఒక దోషం. చెరువు గర్భంలో తాబేటి వీపులా లేచిన మిట్ట ఉండడం మరో దోషం. నీళ్లు నిలిచే చోటుని అది మింగేస్తుంది కనక. న్యాయమే. కానీ వేసవి వచ్చి నీళ్లు దిగేసరికి, టెర్న్ పక్షులు గుడ్లు పెట్టడానికి వెతుక్కునేది సరిగ్గా ఆ మిట్టనే. చుట్టూ నీళ్లుంటే కుక్కా నక్కా రావు. భాస్కరుడి శాసనం దోషమన్న మిట్ట మీద ఒక కాపురం నడుస్తుంది.

నేను నిండు చెరువుని మరీ తీసిపారేశానేమో అనుకుంటారు కొందరు. నిండు చెరువే కావలసిన పక్షులూ ఉన్నాయి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు చెరువులో నీటికడప చెట్లుంటాయి. నెలల తరబడి మొదళ్లు నీళ్లలో మునిగినా చావని చెట్లవి. ఈశాన్య రుతుపవనం బాగా కురిసి చెరువు నిండితే, ఆ చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కడతాయి. చెట్టు చుట్టూ నీళ్లుండడమే వాటికి కోటగోడ. వానలు ముఖం చాటేస్తే అక్కడ గూళ్లు కట్టడమూ తగ్గిపోతుంది. రెట్ట కలిసిన ఆ చెరువునీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులకి తెలుసు. కాబట్టి గూడు కట్టే కాలానికి నిండు చెరువు, మేత కాలానికి దిగిన చెరువు. రెండూ ఒకదాని వెంట ఒకటి రావాలి. ఏడాది పొడుగునా ఒకే మట్టంలో ఉండే చెరువు పక్షికి చాలదు.

ఈ గూడబాతుల్నీ, ఎర్రకాళ్ల కొంగల్నీ మన పత్రికలు ఏటా సైబీరియా అతిథులంటాయి. నాకు చిరాకు తెప్పించే మాట ఇది. గూడబాతు మన పక్షే, సైబీరియా ముఖం ఎరగదు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వచ్చేవీ, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో కిక్కిరిసి కూర్చునేవీ, హిందూపురం వైపు వీరాపురంలో ఊరి చెట్ల మీద పిల్లల్ని చేసుకునేవీ మన దేశంలోనే నీళ్లను బట్టి అటూ ఇటూ తిరిగే పక్షులు. ఆ ఊళ్ల వాళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. తేలినీలాపురంలో అవి రాకపోతే ఊరికి మంచిది కాదనే నమ్మకం ఉంది. నిజంగా ఉత్తరాది నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతులు, రకరకాల ఉల్లంకులు. తల వెనక రెండు నల్లచారలుండే ఒక పెద్దబాతు మంగోలియా, టిబెట్ వైపు పిల్లల్ని చేసుకుని, హిమాలయాలు దాటి దక్కను చెరువుల దాకా వస్తుంది. అది ఏడు వేల మీటర్లు దాటిన ఎత్తులో ఎగరడం పరికరాలు కట్టి చూసి నమోదు చేశారు. ఆ పక్షి మన ఊరి శనగచేలో గడ్డి కొరుకుతుంటే దాన్నెవరూ గుర్తుపట్టరు.

కొల్లేరు గురించి చెప్పకపోతే గోదావరి, కృష్ణా జిల్లాల శ్రోతలు ఊరుకోరు. అది చెరువు కాదు, సరస్సు. ఐదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో సరస్సులో వెలిసిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ కథకి ఇంకో ప్రసంగం కావాలి. కైకలూరు దగ్గర ఆటపాకకి వెళితే ఇనుప స్టాండ్ల మీద కూడా గూడబాతులు కాపురం పెట్టడం చూడవచ్చు. చెట్లు చాలక మనుషులు పెట్టిన ఏర్పాటది.

ఇక నా ఫిర్యాదు. ఊరూరా చెరువుల సుందరీకరణ నడుస్తోంది. చుట్టూ కాంక్రీటు గోడ, దాని మీద టైల్స్ దారి, పదడుగులకో దీపం, నడుమ ఫౌంటెన్. నడవడానికి హాయిగానే ఉంటుంది, కాదనను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి సమతలమైన దారి కావాలి. కానీ ఒడ్డంతా నిలువుగోడ కట్టేసరికి, ఇందాక చెప్పుకున్న బెత్తెడూ జానెడూ మూరెడూ ఉన్నపళంగా మాయమవుతాయి. జమ్మూ తుంగా పీకేస్తారు, అందులో దాక్కునే నీటికోళ్లు పోతాయి. రాత్రంతా దీపాలుంటే నిద్ర పట్టనిది మనకొక్కరికే కాదు. నేను అడిగేది ఎక్కువేం కాదు. కట్ట వైపు దారి వేసుకోండి, దీపాలు పెట్టుకోండి, బజ్జీలు తినండి. తోక వైపు మాత్రం వదిలేయండి. అక్కడ గోడా వద్దు, దారీ వద్దు. సగం చెరువు మనకి, సగం వాటికి.

వెళ్లేవాళ్లకి కొన్ని పనికొచ్చే మాటలు. పొద్దున తూర్పు ఒడ్డున నడవండి, సూర్యుడు వీపు వెనక ఉంటాడు, పక్షి రంగులు తేటగా కనిపిస్తాయి. సాయంత్రమైతే పడమటి ఒడ్డు. ఎదురెండలో చూస్తే ప్రతి పక్షీ నీటికాకే. బైనాక్యులర్ కొనేటట్టయితే 8 ఇంటూ 42 అని రాసి ఉన్నది తీసుకోండి, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది. అంతకన్నా ఎక్కువ రెట్లది కొంటే చెయ్యి వణికినప్పుడల్లా పక్షీ వణుకుతుంది. తెల్లచొక్కా వద్దు. ఎండిన పెచ్చు కింద ఊబి ఉండవచ్చు, పశువులు నడిచిన జాడలోనే అడుగేయండి. సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యంలో మొసళ్లున్నాయి, అక్కడ నీటి అంచుకి దిగే ఆలోచనే పెట్టుకోవద్దు. బ్రెడ్డు ముక్కలూ మరమరాలూ వేయకండి. గూటి దగ్గరికి డ్రోను ఎగరేసే కుర్రాళ్లు కనిపిస్తే మెత్తగానే అయినా మందలించండి. తల్లి గూడొదిలి లేస్తే పైన కాకులు కాచుకుని ఉంటాయి.

అన్ని చెరువులూ చుట్టిరావాలని లేదు. ఇంటికి దగ్గరున్న ఒక చెరువు పట్టుకోండి. భాద్రపదంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి, సంక్రాంతికి, ఉగాదికి, మళ్లీ రోహిణికార్తెలో. ఒక నోటుపుస్తకంలో తేదీ, నీళ్లు ఏ రాయి దాకా ఉన్నాయి, ఏ పక్షులు ఎన్ని అని రాసుకోండి. పేరు తెలియకపోతే కాళ్ల రంగు, ముక్కు తీరు, ఎంత లోతులో నిలబడిందో రాయండి. పేరు తర్వాతైనా దొరుకుతుంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ గారు 1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టినప్పుడు చేసిందీ ఇలా తిరిగి, చూసి, రాసుకోవడమే. గుంపుని లెక్కపెట్టడానికి ఓ చిట్కా ఉంది. ముందు పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టిందో కంటికి అలవాటు చేసుకుని, అలాంటి పదులు ఎన్నున్నాయో చూడాలి.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987లో మొదలైంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కువమంది ఔత్సాహికులే లెక్క పడతారు. హైదరాబాదులో 1980 నుంచీ ఉన్న పక్షిప్రేమికుల సంఘం ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. కొత్తవాళ్లకి గుర్తుపట్టడం నేర్పడానికి వెంట తీసుకెళతారు. మీ ఊరి చెరువు ఆ లెక్కలో ఇంకా చేరి ఉండకపోవచ్చు. అక్కడి అంకె రాయడానికి సంక్రాంతి ముగ్గులు ఆరేలోపు ఒక పొద్దుటి పూట చాలు. వెళితే తోక వైపు నుంచి మొదలుపెట్టండి.